ఈజిప్టు సిగరెట్‌లో ఈజిప్టు ఎంత?

(ఒంగోలులో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఎండ ఇంకా తగ్గకముందే ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనకవాళ్ళకు వినపడుతోందా? సరే.

ఒక చిన్న రేకు డబ్బాతో మొదలుపెడతాను. నూట ఇరవై ఏళ్ళ కిందటి డబ్బా. బల్లపరుపుగా, చొక్కా జేబులో పట్టేటంత ఉంటుంది. మూత మీద పిరమిడ్లు, స్ఫింక్స్, ఖర్జూరపు చెట్టు. పక్కన బంగారు రంగులో ఖెదీవ్ గారి రాజముద్ర. ఖెదీవ్ అంటే అప్పటి ఈజిప్టు పాలకుడు, ఆయన దర్బారుకు మేమే సరఫరా చేస్తామని చెప్పుకోవడానికి ఆ ముద్ర. కింద "కైరో" అని ఊరి పేరు. మూత తీస్తే లోపల సన్నటి కాగితం, దాని కింద వరసగా సిగరెట్లు. మనం చూసే సిగరెట్‌లా గుండ్రంగా ఉండవు, కొంచెం నొక్కినట్టు కోలగా ఉంటాయి. కొన్నిటికి కొసన బంగారు రేకు. లండన్లో, బెర్లిన్లో, న్యూయార్క్‌లో డబ్బున్నవాళ్ళు అతిథికి ఈ డబ్బా ముందుకు జరిపి, "ఈజిప్షియన్" అని గొప్పగా చెప్పేవాళ్ళు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ డబ్బాలో ఈజిప్టుది ఏముంది?

ఆకు ఈజిప్టుది కాదు. యజమాని ఈజిప్టువాడు కాదు. చుట్టిన చేతుల్లో మంచి కూలి పడే చేతులు చాలావరకు ఈజిప్టువి కావు. కొనేవాడు సరేసరి. పైగా ఈజిప్టు రైతు తన పొలంలో ఒక్క పొగాకు మొక్క పెడితే నేరం. ఆ చట్టం సంగతి తర్వాత చెబుతాను, అది తీరిగ్గా చెప్పాల్సిన సంగతి. అయినా డబ్బా మీద పిరమిడ్ ఉంది. ఇది ఎలా జరిగింది? ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఒక గ్రీకు కుటుంబం పేరు పట్టుకుని చెబుతాను. జనాక్లిస్ కుటుంబం. వాళ్ళలో మొదటివాడు నెస్టోర్ జనాక్లిస్.

ఇంకో మాట ముందే చెప్పాలి. పొగాకు మనిషిని చంపుతుంది. ఇది తెలిసిన కాలంలో మాట్లాడుతున్నాను, ఆ సంగతి మరిచిపోయి మాట్లాడటం లేదు. సిగరెట్‌ను పొగడటానికి రాలేదు. ఒక సరుకు వెనక ఎన్ని దేశాలు, ఎన్ని చట్టాలు, ఎన్ని చేతులు ఉంటాయో చూపించడానికి వచ్చాను. పొగాకు మీద బతికిన జిల్లా మనది. మనకు కాకపోతే ఈ కథ ఎవరికి అర్థమవుతుంది?

నెస్టోర్ జనాక్లిస్ 1864లో ఈజిప్టుకు వచ్చాడు. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. అమెరికాలో అంతర్యుద్ధం నడుస్తోంది. అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు రావడం ఆగిపోయింది. మిల్లులకు పత్తి కావాలి. ఎక్కడ దొరుకుతుంది? ఇండియాలో, ఈజిప్టులో. ఒక్కసారిగా ఈజిప్టు పత్తి ధర ఆకాశానికి వెళ్ళింది. మరో పక్క సూయజ్ కాలువ తవ్వుతున్నారు, అది 1869లో తెరిచారు. డబ్బు పారే చోటికి మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్నవాళ్ళంతా బయల్దేరారు. గ్రీకులు, ఇటాలియన్లు, అర్మేనియన్లు, సిరియావాళ్ళు, యూదులు. అందరిలోకీ ఎక్కువ గ్రీకులే. తర్వాత్తర్వాత 1927 జనాభా లెక్కల్లో ఈజిప్టులో గ్రీకు పౌరులు సుమారు 76 వేలమంది తేలారు. అలెగ్జాండ్రియాలో వాళ్ళకు సొంత బడులు, సొంత ఆసుపత్రులు, సొంత పత్రికలు. పల్లెల్లోకి వెళితే కిరాణా కొట్టు గ్రీకువాడిది, అప్పు ఇచ్చేవాడు గ్రీకువాడు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈజిప్టును ఏలుతున్న వంశానికి మూలపురుషుడు మహమ్మద్ అలీ. ఆయన పుట్టింది ఎక్కడ? కవాలాలో. ఇప్పుడది ఉత్తర గ్రీసులో ఉన్న రేవు పట్నం, అప్పుడు ఆటోమన్ సుల్తాను రాజ్యంలోది. కవాలా పొగాకుకు పేరున్న ఊరు. మహమ్మద్ అలీ కూడా సైన్యంలో పైకి రాకముందు పొగాకు వ్యాపారం చేసినవాడే. అంటే కవాలా ఆకుకు, కైరోకు బంధం జనాక్లిస్‌తో మొదలవలేదు, అంతకుముందే ఉంది.

మరి సిగరెట్టే ఎందుకు? దీనికి జవాబు పన్నుల్లో ఉంది. వ్యాపారం కథల్లో జవాబు చాలాసార్లు పన్నుల్లోనే ఉంటుంది. ఆటోమన్ ప్రభుత్వం అప్పుల్లో మునిగింది. పొగాకు మీద పన్ను పెంచుతూ పోయింది, తయారీని ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తేవాలని చూసింది. చివరికి 1883లో ఐరోపా బ్యాంకులవాళ్ళతో ఒక గుత్త కంపెనీ పెట్టించింది. దాన్ని రెజీ అనేవాళ్ళు. ఎగుమతికి పోయే ఆకు తప్ప, దేశంలో వాడకానికి పోయే ఆకును రైతు రెజీకే అమ్మాలి. దొంగచాటుగా అమ్మితే దాని తుపాకీ కాపలాదారులు వెంటపడేవాళ్ళు. ఇస్తాంబుల్లో, స్మిర్నాలో, అంటే ఇప్పటి ఇజ్మీర్‌లో, సొంతంగా సిగరెట్లు చేసుకునే గ్రీకు, అర్మేనియన్ వ్యాపారులకు ఇక చోటు లేదు. వాళ్ళు ఎక్కడికి పోతారు? ఈజిప్టు పేరుకు సుల్తాను రాజ్యంలోదే, కానీ దాని పాలన దానిదే. రెజీ చెయ్యి అక్కడిదాకా సాగలేదు. పైగా పొడి గాలి, ఆకు నిల్వకు మంచిది. రేవులున్నాయి, ఓడలున్నాయి.

జనాక్లిస్ వీళ్ళందరికంటే ముందే దారి చూసుకున్నాడు. 1871లో కైరోలో ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ తర్వాత ఆయన ఫ్యాక్టరీ నడిపిన భవనం ఏదో తెలుసా? ఒక పాషాగారి రాజభవనం. విద్యామంత్రిగా పనిచేసిన అహ్మద్ ఖైరీ పాషా కోసం కట్టిన మేడ. ఎత్తయిన కప్పు, తోరణాల కిటికీలు. ఆ హాళ్ళలో బల్లలు వేసి, వరసగా మనుషులను కూర్చోబెట్టి సిగరెట్లు చుట్టించాడు. ఈ మేడ దగ్గరికి మళ్ళీ వస్తాం.

ఇప్పుడు ఆకు గురించి. ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. మీలో చాలామంది చేతికి ఆకు తెలుసు కాబట్టి మీకు చెబితే వేరే ఊళ్ళో చెప్పినట్టు కాదు.

మనం పండించేది వర్జీనియా. ఆకు పెద్దది. కొట్టుకొచ్చి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో వేలాడదీసి, కింద గొట్టాల్లోంచి వేడి పంపిస్తాం. ఆకు పచ్చ పోయి పసుపు తిరుగుతుంది. కవాలా, క్సాంథీ కొండల ఆకు అలా ఉండదు. బాస్మా అంటారు. ఒక్కో ఆకు అరచేతిలో పట్టేస్తుంది, కొన్ని అంతకంటే చిన్నవి. కొండవాలు మీద, పెద్దగా సారం లేని నేలలో, మొక్కలు దగ్గర దగ్గరగా వేస్తారు. ఎరువు ఎక్కువ వేస్తే ఆకు పెద్దదై వాసన పోతుంది. కోసిన ఆకును సూదితో దారానికి గుచ్చి ఎండలో ఆరబెడతారు. బ్యారన్ లేదు, కట్టెలు లేవు, ఎండే. తర్వాత బేళ్ళు కట్టి గిడ్డంగుల్లో నెలల తరబడి ఉంచితే లోలోపల పులిసి వాసన తేలుతుంది. ఒక ఎకరంలో ఎన్ని వేల ఆకులు ఒక్కొక్కటిగా కోసి, ఒక్కొక్కటిగా గుచ్చి ఉంటారో ఆలోచించండి. ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ కూర్చుంటే తప్ప అయ్యే పని కాదది. కవాలా గిడ్డంగుల్లో ఆకు వేరుచేసే కూలీలు వేలల్లో ఉండేవాళ్ళు. రంగు చూడాలి, మందం చూడాలి, చిరుగు చూడాలి. మన దగ్గర గ్రేడింగ్ చేసిన అమ్మలకు ఆ పని ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ ఆకు బేళ్ళుగా ఓడెక్కి అలెగ్జాండ్రియా రేవులో దిగేది. క్సాంథీ ఆకు వాసనకు, టర్కీలోని సాంసున్ ఆకు రుచికి, స్మిర్నా ఆకు తియ్యదనానికి. ఏది ఎంత కలపాలన్నది యజమాని గుట్టు. ఆ పాళ్ళు కాగితం మీద పెట్టి నౌకరుకు ఇచ్చేవి కావు. కొడుకుకో, తమ్ముడికో, మేనల్లుడికో చెప్పేవి. అందుకే ఈ వ్యాపారాలన్నీ కుటుంబాల పేరుతోనే నడిచాయి. జనాక్లిస్. కిరియాజీ సోదరులు. మెలక్రినో. దిమిత్రినో. వాఫియాడిస్. కూటరెల్లి. అన్నీ ఇంటిపేర్లే. కుటుంబం అంటే నమ్మకం అని మనం అనుకుంటాం. ఇక్కడ నమ్మకంతో పాటు గుట్టు కూడా.

1882లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో దిగింది. అలెగ్జాండ్రియా మీద గుండ్లు కురిపించింది, ఉరాబీ పాషా తిరుగుబాటును అణిచింది, దేశాన్ని గుప్పెట్లో పెట్టుకుంది. ఈజిప్టుకు అది బానిసత్వం మొదలైన రోజు. సిగరెట్ వ్యాపారులకు అది దశ తిరిగిన రోజు. ఈ రెండూ ఒకే రోజు అన్నది మనం మరిచిపోకూడదు. కైరోలో దిగిన ఇంగ్లీషు అఫీసర్లు ఈ సిగరెట్‌కు అలవాటుపడ్డారు. సెలవు మీద ఇంటికి వెళ్ళేటప్పుడు డబ్బాలు పట్టుకెళ్ళారు. లండన్ క్లబ్బుల్లో అడగడం మొదలైంది. ఇంగ్లండు నుంచి జర్మనీకి, జర్మనీ నుంచి అమెరికాకు, ఇండియాలో దొరల బంగళాలకు. జనాక్లిస్ "నెస్టోర్" పేరుతో అమ్మిన సిగరెట్ అలా దేశాలు తిరిగింది.

ఇక చట్టం. చెబుతానన్నాను కదా.

1884లో ఈజిప్టుకు, గ్రీసుకు వాణిజ్య ఒప్పందం కుదిరింది. గ్రీకు ఆకు ఈజిప్టులోకి రావడానికి దారి సులువైంది. అప్పటికి ఈజిప్టు రైతు కూడా పొగాకు పండిస్తున్నాడు. బలదీ అనేవాళ్ళు, నాటు పొగాకు. ముతకది, ఘాటైంది, పేదవాడు కాల్చుకునేది. తన పొలంలో పండించాడు, తన ఊళ్ళో అమ్మాడు. దీంట్లో ఎవరికేం నష్టం? నష్టం ఖజానాకు. ఈజిప్టు 1876లోనే దివాలా తీసింది. ఐరోపా అప్పులవాళ్ళు దేశం ఆదాయాన్ని తమ లెక్కల్లోకి తీసుకున్నారు. రేవులో దిగే విదేశీ ఆకు మీద సుంకం చాలా పెద్ద ఆదాయం. రేవులో కూర్చుంటే చాలు, ప్రతి బేలూ కంటి ముందే దిగుతుంది, పన్ను ఎగ్గొట్టడం కష్టం. ఊరూరా పొలాల్లో పండే ఆకు మీద పన్ను వసూలు చేయడం దానికంటే ఎన్నో రెట్లు కష్టం. అందుకని ఏం చేశారు? తర్వాత లార్డ్ క్రోమర్ అయిన ఎవెలిన్ బేరింగ్ దేశాన్ని నడిపిస్తున్న రోజుల్లో, 1890లో, ఈజిప్టులో పొగాకు సాగునే నిషేధించారు. మొత్తంగా. ఆకు కావాలంటే ఓడ మీదే రావాలి.

ఒక్క నిమిషం దీన్ని మన ఊరికి తెచ్చుకుని చూడండి. రేపు పొద్దున ఒక ఉత్తర్వు వస్తుంది. ఈ జిల్లాలో పొగాకు వేయకూడదు, వేస్తే పీకేస్తాం, జరిమానా వేస్తాం. కానీ సిగరెట్ ఫ్యాక్టరీలు ఇక్కడే ఉంటాయి, వాటికి ఆకు పరాయి దేశం నుంచి వస్తుంది, ఆ సిగరెట్ మీద మాత్రం మన ఊరి పేరు ఉంటుంది. ఎలా ఉంటుంది మనకు? నైలు నది ఒడ్డున ఫెల్లాహీన్, అంటే రైతులు, అక్షరాలా ఆ స్థితిలో ఉన్నారు. ఎగుమతి సిగరెట్‌కు వాడిన ఆకు మీద కట్టిన సుంకాన్ని ఫ్యాక్టరీవాళ్ళకు వాపసు ఇచ్చే పద్ధతి కూడా ఉండేది. రైతుకు వాపసు ఇచ్చింది ఏమీ లేదు. గ్రీకు వ్యాపారుల తెలివిని, కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ వాళ్ళ లాభం పునాదిలో ఈ నిషేధం ఉంది. కైరో సిగరెట్ చరిత్రను కళాత్మకమైన డబ్బాలతోనే చెప్పి ఊరుకునేవాళ్ళు ఈ మాట చెప్పరు. నేను చెప్పి తీరతాను.

ఇంకో రక్షణ కూడా ఉంది వాళ్ళకు. కాపిట్యులేషన్లు అని పాత ఒప్పందాలు. వాటి ప్రకారం ఈజిప్టులో ఉన్న విదేశీయుడి మీద ఈజిప్టు ప్రభుత్వం నేరుగా చెయ్యి వేయలేదు. నేరం చేస్తే విచారణ వాళ్ళ కాన్సులేటులో. వ్యాపార తగాదాలకు 1876 నుంచి విదేశీ జడ్జీలు కూర్చునే మిశ్రమ కోర్టులు. చాలా పన్నులు వాళ్ళకు వర్తించేవి కావు. గ్రీకు పాస్‌పోర్టు ఉండటమే ఒక పెట్టుబడి.

పేరు పెరిగితే నకిలీ వస్తుంది. అమెరికాలో, జర్మనీలో, ఇంగ్లండులో "ఈజిప్షియన్" అని రాసుకుని అక్కడే చేసిన సిగరెట్లు కుప్పలుగా వచ్చాయి. వాటిలో కొన్ని చేసింది మళ్ళీ గ్రీకులే! న్యూయార్క్‌లో అనర్గిరోస్ అనే గ్రీకు వ్యాపారి ఈజిప్టు దేవతల పేరుతో ఒకటి, మురాద్ అని ఒకటి అమ్మాడు. డ్రెస్డెన్లో యస్మాట్జీ అనే గ్రీకు జర్మనీలోనే పెద్ద సిగరెట్ కంపెనీల్లో ఒకటి కట్టాడు. ఇద్దరి కంపెనీలూ చివరికి అమెరికన్ ట్రస్టు, అంటే అక్కడి పెద్ద పొగాకు గుత్త సంస్థ, చేతిలో పడ్డాయి. మెలక్రినో తనే న్యూయార్క్ చేరి అక్కడ తయారీ పెట్టాడు. 1913లో అమెరికాలో కామెల్ అనే సిగరెట్ వచ్చింది. ప్యాకెట్ మీద ఒంటె, పిరమిడ్లు, ఖర్జూరపు చెట్లు. లోపల? ఎక్కువ పాలు అమెరికా ఆకు, కొంచెం టర్కీ ఆకు. జనాక్లిస్ లాంటివాళ్ళు కైరోలో సంపాదించిన పేరు ఒంటె రూపంలో అమెరికా కంపెనీ ప్యాకెట్ ఎక్కింది.

ఇప్పుడు చుట్టినవాళ్ళ దగ్గరికి వద్దాం. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైనది ఈ భాగమే.

జుట్టు పోచల్లా సన్నగా తరిగిన ఆకు బల్ల మీద కుప్పగా ఉంటుంది. ముందు సన్నటి కాగితం. చిటికెడు ఆకు తీసుకోవాలి, ఎక్కువైతే పొగ లాగదు, తక్కువైతే మధ్యలో ఆరిపోతుంది. తూకం వేయడానికి వ్యవధి లేదు, వేళ్ళకే తెలియాలి. పరిచి, సమం చేసి, చుట్టి, అంటించి, పక్కన పెట్టాలి. మళ్ళీ చిటికెడు. చెయ్యి తిరిగినవాడు రోజుకు రెండు మూడు వేలు చుట్టేవాడు. కూలి రోజుకు కాదు, వెయ్యికి ఇంత అని. ఒక్కో సిగరెట్ ముందుదానిలాగే ఉండాలి, లేకపోతే పరీక్షించేవాడు తీసి పారేస్తాడు, ఆ కూలి పోతుంది.

ఈ పనివాళ్ళలో పైమెట్టు గ్రీకులది. వాళ్ళతో పాటు అర్మేనియన్లు, సిరియావాళ్ళు, ఈజిప్టువాళ్ళు. యజమాని గ్రీకు, పనివాడు గ్రీకు. ఒకే చర్చికి వెళతారు, ఒకే పండగ చేసుకుంటారు. మరి మనవాడే కదా యజమాని, సర్దుకుపోదాం అనుకున్నారా? అనుకోలేదు. 1899 డిసెంబరులో కైరో సిగరెట్ కార్మికులు పని ఆపేశారు. ఒక్క ఫ్యాక్టరీలో కాదు, ఊళ్ళో పెద్ద ఫ్యాక్టరీలన్నిటిలో. సమ్మె 1900 ఫిబ్రవరి దాకా సాగింది. వేళ్ళ నైపుణ్యం ఉన్నవాళ్ళు పని ఆపితే వాళ్ళ చోట రాత్రికి రాత్రి ఇంకొకరిని తెచ్చి కూర్చోబెట్టడం కుదరదు. అదే వాళ్ళ బలం. గ్రీకు పౌరుడు కాబట్టి గ్రీకు కాన్సులేటు ప్రమేయం లేకుండా అతన్ని పోలీసులు లాక్కెళ్ళడమూ అంత తేలిక కాదు. యజమానిని కాపాడిన చట్టమే ఇక్కడ కూలీకి కూడా కొంచెం నీడ ఇచ్చింది. చివరికి యజమానులు కూలి పెంచారు. సమ్మె గెలిచింది, కార్మికులు సంఘం పెట్టుకున్నారు. ఈజిప్టు ఫ్యాక్టరీ కార్మికుల పోరాటాల చరిత్ర రాసేవాళ్ళు ఈ సమ్మెను దాటి వెళ్ళలేరు. ఆధునిక పరిశ్రమలో మొదటి పెద్ద సమ్మె ఇది.

1903లో మళ్ళీ సమ్మె చేశారు. ఈసారి ఓడిపోయారు. యజమానులు పాఠం నేర్చుకున్నారు, సిద్ధంగా ఉన్నారు.

కానీ చుట్టేవాడి అసలు శత్రువు యజమాని కూడా కాదు. అమెరికాలో బాన్సాక్ అనే కుర్రవాడు 1881లో సిగరెట్ యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. పది గంటల్లో లక్షా ఇరవై వేల సిగరెట్లు. ఇటు మనిషి రెండు మూడు వేలు, అటు యంత్రం లక్షా ఇరవై వేలు. కైరో ఇన్నాళ్ళు ఎలా తట్టుకుంది? "చేత్తో చుట్టినది" అన్నదే దాని విలువ కాబట్టి. కొనేవాడు ఆ మాటకే డబ్బు ఇస్తున్నాడు కాబట్టి. ఎగుమతి తగ్గిన రోజున, ఊళ్ళో జనానికి చవకగా అమ్మాల్సిన రోజున ఆ విలువ నిలబడలేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీల్లోకి యంత్రాలు రావడం మొదలైంది. 1917, 1918ల్లో చుట్టేవాళ్ళు మళ్ళీ వీధిలోకి వచ్చారు. ఈసారి అడిగింది కూలి పెంచమని కాదు, పని ఉంచమని. యంత్రమే గెలిచింది. ఇరవై ఏళ్ళు వేళ్ళకు నేర్పిన పని ఒకటి రెండేళ్ళలో ఎవరికీ అక్కర్లేనిదైపోయింది. ఆ కుటుంబాలు ఏమనుకుని ఉంటాయో ఊహించడానికి మనం కైరో దాకా వెళ్ళక్కర్లేదు. చేనేతవాళ్ళున్న చీరాల మనకు పక్కనే.

ఎగుమతి ఎందుకు తగ్గింది? జర్మనీ వీళ్ళకు పెద్ద గిరాకీదారు. 1906లో జర్మనీ సిగరెట్ మీద కొత్త పన్ను పెట్టింది, సొంత ఫ్యాక్టరీలను పెంచుకుంది. తర్వాత బాల్కన్ యుద్ధాలు, 1913లో కవాలా గ్రీసుకు వచ్చింది. ఆ వెంటనే ప్రపంచ యుద్ధం. ఆకు పండే ఊళ్ళే యుద్ధభూములు. సముద్రంలో జలాంతర్గాములు. యుద్ధంలో సైనికులకు పంచిన సిగరెట్లు ఏవి? వర్జీనియా సిగరెట్లు. లక్షలమంది కుర్రవాళ్ళు కందకాల్లో ఆ రుచికి అలవాటుపడి ఇంటికి వచ్చారు. యుద్ధం ముగిసేసరికి ఈజిప్షియన్ సిగరెట్ తాతల కాలపు అలవాటు అయిపోయింది.

ఇక్కడ కథ మన గుమ్మంలోకి వస్తుంది. బ్రిటిష్ అమెరికన్ టొబాకో అని 1902లో పుట్టిన కంపెనీ. ఇండియాలో 1910లో ఇంపీరియల్ టొబాకో పేరుతో వ్యాపారం పెట్టింది ఆ గూటివాళ్ళే, ఇప్పటి ఐటీసీ అదే. ఆకు కోసం 1912లో పెట్టిన సంస్థ ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ, దాన్ని మన పెద్దవాళ్ళు ఇప్పటికీ ఐ.ఎల్.టి.డి. అంటారు. 1920ల్లో అప్పటి గుంటూరు జిల్లాలో, మన ఒంగోలు అప్పుడు ఆ జిల్లాలోదే, వర్జీనియా సాగు నిలదొక్కుకుంది, బ్యారన్లు లేచాయి. సరిగ్గా అదే దశాబ్దంలో ఈజిప్టులో ఏం జరిగింది? 1920లో ఈస్టర్న్ కంపెనీ పుట్టింది. బ్రిటిష్ అమెరికన్ టొబాకో దాన్ని చేతిలోకి తీసుకుని, మతోసియన్ అనే పెద్ద అర్మేనియన్ సంస్థను కూడా కలుపుకుని, 1920ల చివరికి ఈజిప్టు మార్కెట్‌లో పెద్ద చేప అయింది. కైరోలో గ్రీకు కుటుంబాల చేతిలోంచి పని జారిపోవడానికి, మన రేగడి నేలల్లో బ్యారన్ పొగ లేవడానికి వెనక ఉన్న రుచి ఒకటే, కంపెనీ కూడా ఒకటే. గుంటూరు ఆకు వల్లే కైరో పడిపోయిందని నేను అనడం లేదు, అది అబద్ధం అవుతుంది. ఒకే గాలి ఒక ఊళ్ళో దీపం ఆర్పి, ఇంకో ఊళ్ళో పొయ్యి రాజేసింది, అంతే.

జనాక్లిస్ కుటుంబానికి ముందుచూపు ఉంది. సిగరెట్ బాగా నడుస్తున్న రోజుల్లోనే నెస్టోర్ ఇంకోటి మొదలుపెట్టాడు, ద్రాక్ష. అలెగ్జాండ్రియాకు దక్షిణాన, ఎడారి అంచున తోటలు వేశాడు. 1882లో మొదలైన ఆ తోటల నుంచి వైన్ తీశారు. ఫారోల కాలంలో ద్రాక్షసారా కాచిన నేల అది, మధ్యలో ఆ పని దాదాపు ఆగిపోయింది. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి ఏళ్ళ తరబడి నేలలు పరీక్షించాడని చెబుతారు. సిగరెట్ పోయినా కుటుంబం పేరు నిలిచింది ఈ తోటల వల్లే.

మరి ఆ మేడ? ఖైరీ పాషా మేడ? 1908లో ఈజిప్టు మేధావులు చందాలు పోగుచేసి, తమ దేశానికి ఒక విశ్వవిద్యాలయం ఉండాలని ఈజిప్షియన్ యూనివర్సిటీ పెట్టారు. చోటు కావాలి. సిగరెట్ ఫ్యాక్టరీ ఖాళీ చేసిన ఆ మేడనే అద్దెకు తీసుకున్నారు. చూపు లేని తాహా హుస్సేన్ చదువుకున్నది ఆ విశ్వవిద్యాలయంలోనే. 1914లో అక్కడి మొదటి డాక్టరేటు ఆయనకే దక్కింది, తర్వాత అరబ్బీ సాహిత్యంలో అంత పెద్దవాడు లేడనిపించుకున్నాడు. 1919లో ఆ మేడను కైరో అమెరికన్ యూనివర్సిటీ కొన్నది. 2011లో ఈజిప్టు జనం తిరగబడినప్పుడు మనం టీవీల్లో చూసిన తహ్రీర్ చౌక్ లేదూ, దాని అంచునే ఉంది ఆ భవనం.

మిగిలిన కథ త్వరగా చెబుతాను. 1937లో మాంత్రో అనే ఊళ్ళో జరిగిన ఒప్పందంతో కాపిట్యులేషన్లు రద్దయ్యాయి. 1947లో కంపెనీల చట్టం వచ్చింది, ఉద్యోగుల్లో నూటికి 75 మంది, కార్మికుల్లో నూటికి 90 మంది ఈజిప్టువాళ్ళే ఉండాలి. 1952లో రాజు దిగిపోయాడు. 1956లో సూయజ్ గొడవ తర్వాత బ్రిటిష్ ఆస్తులు పోయాయి. 1961లో అప్పటి అధ్యక్షుడు నాసర్ పెద్ద ఎత్తున జాతీయీకరణ చేశాడు, ఇంకా మిగిలి ఉన్న గ్రీకు సిగరెట్ సంస్థలు కూడా ప్రభుత్వం చేతిలోకి వెళ్ళాయి. ద్రాక్షతోటలూ వెళ్ళాయి. ఈస్టర్న్ కంపెనీ ఒక్కటే మిగిలింది. అదే సంవత్సరం అది క్లియోపాత్రా అనే చవక సిగరెట్ తెచ్చింది, దేశమంతా అదే కాల్చింది. గ్రీకులు వేలల్లో ఏథెన్సుకు, ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయారు. అప్పటికి వాళ్ళలో చాలామంది ఈజిప్టులో పుట్టి పెరిగినవాళ్ళే, గ్రీసును చూడనివాళ్ళే.

నాసర్ చేసింది తప్పా ఒప్పా అని నన్ను చాలామంది అడుగుతారు. ఆ పనివాళ్ళ, గుమాస్తాల, చిన్న కొట్లవాళ్ళ కుటుంబాలకు పుట్టిన ఊరే పరాయిదైంది. అది అన్యాయం, దానికి ఇంకో పేరు లేదు. కానీ ఆ దేశపు రైతును అతని పొలంలోనే నేరస్థుణ్ణి చేసిన 1890 నాటి చట్టం కూడా అన్యాయమే. రెండూ కలిపి చదవకపోతే ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

జనాక్లిస్ పేరు అక్కడ ఇప్పటికీ ఉంది. అలెగ్జాండ్రియాలో ఒక పేట పేరు జనాక్లిస్. డెల్టాలో ఒక వైమానిక స్థావరానికీ ఆ పేరే. తోటలను 1999లో ప్రభుత్వం మళ్ళీ ప్రైవేటుకు అమ్మింది, ఇప్పుడు అవి హైనెకెన్ గ్రూపు చేతిలో ఉన్నాయి, సీసా మీద కుటుంబం పేరు అలాగే ఉంచారు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇక మీరు అడగండి. ఆకు పని చేసినవాళ్ళు ఎవరైనా ముందు మాట్లాడితే నాకు సంతోషం, బాస్మా ఆకు ఫొటోలు కొన్ని తెచ్చాను, మీ చేతికే ఇస్తాను, గ్రేడు చేసే కంటితో చూసి ఏమనిపించిందో చెప్పండి.